గ్రూప్ థెరపీకి రమ్మంటున్నారు, ఆ గదిలో మన ఊరివాళ్ళు కనబడితే?

విభాగం: ఆరోగ్యం / మనసు

గోరింట | జూన్ 18, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఈ విభాగం చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మాది ముమ్మిడివరం దగ్గర ఒక లంక ఊరు. బడిలో పాఠాలు చెబుతాను. వయసు 39. తొమ్మిదేళ్ళుగా గాబరా. పైకి ఏమీ తెలీదు, చీర నలగకుండా బడికి వెళ్ళి వస్తాను. మా పిల్లల ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం అది కాలవలో పడిపోయినట్టు నా కళ్ళకి కట్టేస్తుంది. ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనే ఎత్తుతాను. మా ఆయన ఎత్తకపోతే మెడ, భుజాలు కర్రలా బిగుసుకుపోతాయి. రాత్రి మూడింటికి మెలకువ వచ్చిందంటే ఇక తెల్లారినట్టే.

మొదట్లో గ్యాస్ అన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు నరాల బలహీనత అని సూదులు వేశారు. తరవాత ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్తం, అన్నీ చేయించాం. అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగున్నాయంటే ఏడుపొచ్చింది, నమ్ముతారా? మా అత్తగారు అంతర్వేదికి మొక్కుకున్నారు, అదీ తీర్చుకున్నాం.

ఆరు నెలల కిందట కాకినాడలో సైకియాట్రిస్టుకి చూపించుకున్నాను. మాత్రలతో సగం తగ్గింది, నిద్ర పడుతోంది. ఇప్పుడాయన "మాత్రలతో పాటు గ్రూప్‌లో కూర్చుంటే మంచిదమ్మా" అంటున్నారు. ప్రతి ఆదివారం, ఎనిమిది మంది, పది వారాలు, ఒక సైకాలజిస్టు నడిపిస్తారట.

కాకినాడ మాకేమంత దూరం కాదు. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా గంటన్నర. మా భయమూ అదే. మా మండలంలో సగం మంది ఆసుపత్రి పనులకి అక్కడికే వెళతారు. నేను తలుపు తీసేసరికి మా క్లాసు పిల్లాడి తండ్రి కుర్చీలో కూర్చుని ఉంటే? సాయంత్రానికి "టీచరమ్మకి మతి చెడిందంట" అని రేవు దాకా పాకుతుంది.

ఎవరైనా వెళ్ళినవాళ్ళుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

అరుగుమీద | జూన్ 18, రాత్రి 11:20

మేడమ్, మన తాతలకి ఇవేమీ లేవు. సాయంత్రమైతే అరుగు మీద నలుగురూ చేరేవారు, కష్టం సుఖం చెప్పుకునేవారు, లేచి వెళ్ళి భోంచేసి పడుకునేవారు. ఇప్పుడు అదే పనికి ఫీజు కట్టి, బస్సెక్కి వెళ్ళాలంటున్నారు. పైగా ఎనిమిది మంది గాబరా మనుషుల్ని ఒకే గదిలో కూర్చోబెడితే ఒకరిది ఒకరికి అంటుకోదా? కాఫీ మానండి, పొద్దున్నే గట్టు మీద నడవండి. నా మాట వినండి.

చెరువుగట్టు | జూన్ 19, ఉదయం 5:35

ఆయ్, నేను వెళ్ళానండి. రెండేళ్ళయింది. భీమవరం వైపు మాది, వనామీ రొయ్యల చెరువులు, ఆరెకరాలు. మీసం ఉన్నోడు గ్రూపులో కూర్చుని మాట్లాడటమేంటని మొదటి వారం కారులోనే కూర్చుని వెనక్కి వచ్చేశాను. అది ముందే చెప్పేస్తున్నాను.

నా జబ్బు చెరువు చుట్టూ తిరిగేది. రొయ్యల పని తెలిసినవాళ్ళకి తెలుసు, తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రాత్రంతా నాచు కూడా గాలి పీల్చుకుంటుంది కదా. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయా, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకని అందరూ ఒకటి రెండుసార్లు మీటరు పెట్టి చూస్తారు. నేను ఆరుసార్లు చూసేవాణ్ణి. ఇంటికొచ్చి పడుకున్నా చెవి ఏరియేటర్ల చప్పుడు మీదే. కరెంటు పోకపోయినా పోయినట్టు వినిపించేది. పట్టుబడి అయిపోయి చెరువు ఎండబెట్టిన నెలలోనూ మూడింటికి లేచి కూర్చునేవాణ్ణండి. అప్పుడు మా ఆవిడ అంది, "ఇది చెరువు జబ్బు కాదు, మీ జబ్బే" అని.

గ్రూపులో ఏం చేస్తారంటే, ఊరికే గోడు వెళ్ళబోసుకోవడం కాదు. నేనూ అదే అనుకుని వెళ్ళాను. ఒక పుస్తకం ఇచ్చారు. ఎడమ వైపు "ఏమవుతుందని భయపడ్డాను", కుడి వైపు "ఏమైంది". వారమంతా రాసి తెచ్చి అక్కడ చదవాలి. నా ఎడమ పేజీ నిండిపోయేది, కుడి పేజీలో "ఏమీ కాలేదు, ఏమీ కాలేదు" అని పదిసార్లు చదివేసరికి నాకే నవ్వొచ్చింది, గదిలో అందరూ నవ్వారు. ఎగతాళి కాదది. వాళ్ళ పుస్తకాల్లోనూ అదే ఉంది మరి.

అలాగని భయమంతా ఉత్తదేనని వాళ్ళు అనలేదు, అది నాకు నచ్చింది. కరెంటు నిజంగానే పోతుంది, వైట్‌స్పాట్ జబ్బు రొయ్యకి నిజంగానే వస్తుంది. అందుకని రెండు రకాలుగా విడదీయమన్నారు. చేతిలో పని ఉన్న దిగులు ఒకటి: జనరేటర్‌లో డీజిల్ ఉందా, పోసి రా. చేతిలో పనేమీ లేని దిగులు రెండోది: వచ్చే ఏడాది ధర పడిపోతే? దానికి సాయంత్రం ఐదున్నర నుంచి ఇరవై నిమిషాలు టైం ఇమ్మన్నారు. మిగతా వేళల్లో వస్తే "ఐదున్నరకి రా" అనాలి. మొదట పిచ్చిగా అనిపించింది. మూడు వారాలకి ఐదున్నరకి గట్టు మీద కూర్చుంటే దిగులు పడటానికి ఏమీ తట్టేది కాదు!

కష్టమైన పని వేరే ఉంది. రాత్రి రెండింటి రీడింగు చెరువు కాడ ఉండే కుర్రాడికి వదిలేయాలి, నేను లేవకూడదు. మొదటి రాత్రి మంచం పట్టె పట్టుకుని పడుకున్నాను. వారం పట్టింది. తరవాత వారం గ్రూపులో చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. ఏదో కొండెక్కి వచ్చినట్టు చప్పట్లు కొట్టారు. ఇంట్లో చెబితే ఎవరు కొడతారండి చప్పట్లు? "పడుకున్నావు, అందులో ఏముంది" అంటారు.

మిగతా వాళ్ళ సంగతులు ఏమీ రాయను. అది మాటిచ్చాం.

మందులకొట్టు | జూన్ 19, ఉదయం 9:10

నాది మందుల షాపు. ఒక్క మాట. గాబరా అంటూ రోజూ నలుగురైనా వస్తారు. అందులో ఇద్దరు "ఆ చిన్న నిద్రమాత్ర ఇవ్వు బాబూ" అంటారు. అల్ప్రాజోలం గురించే. ఎప్పుడో ఎవరికో రాసిన చీటీ, నాలుగేళ్ళుగా అదే. అది హెచ్1 జాబితాలో ఉన్న మందు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడల్లా రిజిస్టరులో రాసుకోవాలి. ఇవ్వనంటే పక్క షాపుకి వెళతారు.

అలవాటు పడ్డవాళ్ళు మాత్రం దాన్ని ఒక్కసారిగా ఆపకండి. ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. గోరింట గారికి రాసింది రోజూ వేసుకునే వేరే రకం అయ్యుంటుంది. దాని గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పదిరోజులకే "పని చెయ్యట్లేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ.

నిర్వాహకుడు | జూన్ 19, ఉదయం 9:45

మందుల మోతాదులు, డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయవద్దు. రాత్రిపూట బాగా ఇబ్బందిగా ఉన్నవారు టెలీ మానస్ 14416కి చేయవచ్చు. ప్రభుత్వానిది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

వేపచెట్టు | జూన్ 19, రాత్రి 9:30

నేను సైకాలజిస్టుని. రాజమండ్రిలో పని చేస్తాను, గ్రూపులు నడిపాను. గోరింట గారి ప్రశ్నకి ముందు, అరుగుమీద గారికి.

అరుగు మంచిదే. కానీ అరుగు మీద మీరు "నాకు రాత్రుళ్ళు దడగా ఉంటోంది" అనండి, ఏం జరుగుతుంది? ఒకాయన అశ్వగంధ అంటాడు, ఒకాయన వాస్తు అంటాడు, మూడో ఆయన తన బావమరిదికి ఇలాగే మొదలై ఏమైందో చెబుతాడు. మీ మాట సగంలోనే ఉండిపోతుంది. గ్రూపులో మేం పెట్టే నియమాల్లో మనవాళ్ళకి బాగా కష్టమైనది సలహా ఇవ్వకూడదనేది. గోదావరి జిల్లాల్లో సలహా ఇవ్వకుండా పది నిమిషాలు కూర్చోవడమంటే ఉపవాసం కంటే కష్టం, నాకూ కష్టమే. అది కుదిరిన రోజు గదిలో గాలే మారిపోతుంది.

అంటుకోవడం గురించి: 1905లో అమెరికాలో, బోస్టన్‌లో ప్రాట్ అనే డాక్టరు క్షయ రోగుల్ని వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టారు. ఇంట్లో ఎలా ఉండాలో అందరికీ కలిపి ఒకేసారి చెప్పవచ్చని ఆయన ఉద్దేశం. కలిసి కూర్చోవడమే వాళ్ళకి ధైర్యమిస్తోందని తరవాత గమనించారు. అంటుకునే జబ్బు వాళ్ళతోనే మొదలైంది ఈ పద్ధతి. గాబరా అంటుకోదు. అయితే ఒకరే గంటసేపు మాట్లాడేస్తే మిగతావాళ్ళు బరువెక్కి ఇంటికి వెళతారు, అది నిజం. దాన్ని ఆపడమే నడిపేవారి పని.

గోరింట గారూ, మీరు చెప్పినది ఎడతెగని ఆందోళనలా ఉంది. ఆరు నెలలకి మించి, చాలా రోజులు, చాలా విషయాల మీద ఆపలేని దిగులు, దాంతోపాటు కండరాల బిగుతు, నిద్ర పట్టకపోవడం, అలసట, చిరాకు. ఇక్కడ కూర్చుని నిర్ణయించలేను, మీ డాక్టరు చూశారు కాబట్టి ఆ మాట ఆయనదే. దీనికి గ్రూపులో ఎక్కువగా వాడేది చెరువుగట్టు గారు చెప్పిన పద్ధతే, సీబీటీ అంటాం. ఆలోచనని, అలవాటుని పరీక్షకి పెట్టడం. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు మంది, వారానికోసారి, గంటన్నర రెండు గంటలు. "సపోర్ట్ గ్రూప్" వేరు, అక్కడ పాఠం ఉండదు, తోడు ఉంటుంది. ఏది అని అడిగి తెలుసుకోండి.

అందరికీ గ్రూపు సరిపోదు. చనిపోవాలన్న ఆలోచనలు బలంగా ఉన్నవారికి, లేనివి వినిపించేవారికి, రోజూ తాగి ఉండేవారికి ముందు విడిగా చికిత్స కావాలి. అందుకే మంచి గ్రూపులో చేర్చుకునే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. ఆ రోజున మీ ఊరు, మీ ఉద్యోగం చెప్పండి. తెలిసినవాళ్ళు ఉంటే వాళ్ళు చూసుకుంటారు. ఇంటిపేరు చెప్పక్కర్లేదు.

గోప్యత సంగతి దాచకుండా చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స చేసేవాళ్ళ నోటికి తాళం వేసింది. పక్క కుర్చీలో ఉన్నవారిని ఆపేది మాత్రం వాళ్ళిచ్చిన మాటే.

అరుగుమీద | జూన్ 19, రాత్రి 10:05

మాటే అంటున్నారు చూశారా. మా వైపు మాట ఎంతసేపు నిలుస్తుందో నాకు తెలుసండి. అశ్వగంధ నేను రాద్దామనే అనుకున్నాను, మీరు ముందే అనేశారు.

పాలకొల్లు పిల్ల | జూన్ 20, మధ్యాహ్నం 2:15

ఆ మాట నిలవక దెబ్బతిన్నదాన్ని నేను.

మూడేళ్ళ కిందట ఒకచోట చేరాను. పేరు చెప్పను. నడిపే ఆవిడకి ఏ చదువు ఉందో నేను అడగలేదు, అది నా తప్పు. మొదటి రోజే అందరి నంబర్లూ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టేశారు. పొద్దున్నే శుభోదయం పూలు, రాత్రయితే ఒకరి ఏడుపు ఇంకొకరికి. నేను ఒక రోజు మా ఇంటి సంగతి, మా పెళ్ళి సంగతి చెప్పాను. మూడు వారాల్లో అదే మాట, నేను వాడిన మాటతో సహా, మా ఆడపడుచు నోట విన్నాను. ఎవరు మోశారో ఇప్పటికీ తెలీదు. ఆ తరవాత ఏడాది పాటు డాక్టరు దగ్గర కూడా నోరు విప్పలేదు.

వెళ్ళొద్దని అనట్లేదు. ఇప్పుడు విడిగా ఒకరి దగ్గరికి వెళుతున్నాను, అది నాకు కుదిరింది. గోరింట గారూ, మొదటి రోజే నియమాలు కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తున్నారా లేదా చూడండి. వాట్సాప్ గ్రూపు అంటే లేచి వచ్చేయండి.

వేపచెట్టు | జూన్ 20, రాత్రి 8:50

పాలకొల్లు పిల్ల గారూ, మీకు జరిగింది మాలాంటి వాళ్ళందరూ తల దించుకోవాల్సిన విషయం. నడిపేవారిని "మీ చదువేంటి, పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా" అని అడగడం మర్యాద తప్పడం కాదు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారికి ఆర్‌సీఐ, అంటే ఆ మండలి, నమోదు ఉండి తీరాలి. అడిగితే విసుక్కునేవారి దగ్గర కూర్చోకండి.

రిటైర్డ్ పోస్టుమాస్టరు | జూన్ 22, ఉదయం 4:20

అయ్యా, అమ్మా. నా వయస్సు 74. మా మనుమడు ఈ టైపింగు నేర్పాడు.

మాది కాట్రేనికోన వైపు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో మేము ఇంటి కప్పు ఎగిరిపోయాక కొబ్బరిచెట్టు మొదలు పట్టుకుని తెల్లవార్లూ ఉన్నాము. తెల్లవారాక చూసినది ఇక్కడ వ్రాయను. అప్పటి నుండి నవంబరు వచ్చినదంటే, గాలి కొంచెము ఈల వేసినదంటే, నా కాళ్ళు చల్లబడిపోతాయి. రేడియోలో వాయుగుండము అన్న మాట వింటే లేచి తలుపు గడియలు చూచుకుంటాను. మా ఆవిడ ఉన్నన్నాళ్ళు చేయి పట్టుకునేది. ఆమె పోయి మూడేళ్ళయినది. ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు. అందరికీ అదే కదా జరిగినది, నేను ప్రత్యేకముగా చెప్పుకొనేదేమున్నదని.

ఈ గుంపు చికిత్స నా వంటి వారికి పనికివచ్చునా?

వేపచెట్టు | జూన్ 22, ఉదయం 7:05

నమస్కారమండి మాస్టారూ. తెల్లవారుజామున నాలుగింటికి రాశారు, అది గమనించాను.

మీరు చెప్పేది రోజువారీ దిగులు కంటే వేరుగా ఉంది. జరిగిపోయిన ఒక పెద్ద దెబ్బని శరీరం ఇంకా ఇప్పుడే జరుగుతున్నట్టు మోయడం. దానికి వేరే చికిత్స ఉంది, ఎక్కువగా విడిగా, ఒకరితోనే మొదలుపెడతారు. 74 ఏళ్ళకి ఆలస్యమేమీ కాలేదు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించుకోవచ్చు. మనవణ్ణి తోడు తీసుకువెళ్ళండి. బీపీ, షుగరు మాత్రలు ఏవేవి వాడుతున్నారో చీటీ కూడా.

అందరికీ జరిగింది కదా అని అందరూ ఊరుకున్నారు. మీ ఊళ్ళో ఇంకెంతమంది తలుపు గడియలు చూసుకుంటున్నారో.

చెరువుగట్టు | జూన్ 22, ఉదయం 7:40

మాస్టారూ, మనవడు చూపించుకోమంటే మొదటి వారం నాలాగ కారులో కూర్చుండిపోకండి.

కువైట్ నుంచి | జూన్ 23, రాత్రి 1:10

నేను రాజోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇంట్లో పని చేస్తున్నాను. ఆరేళ్ళు. పిల్లలు మా అమ్మ దగ్గర. గోరింట గారు ఆటో గురించి రాసింది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. నాకూ అంతే, కాకపోతే ఆటో మూడు వేలకి పైగా కిలోమీటర్ల అవతల ఉంటుంది.

ఆన్‌లైన్‌లో తెలుగు గ్రూపు ఒకటి దొరికింది, శుక్రవారం సెలవు పూట. వంటగది వెనక మెట్ల మీద కూర్చుని చెవుల్లో పెట్టుకుని వింటాను. కెమెరా పెట్టమంటారు, వెనక ఎవరూ లేరని చూపించాలి. మాట్లాడింది రెండుసార్లే. వినడానికే వెళుతున్నాను. వినడం కూడా లెక్కేనా?

వేపచెట్టు | జూన్ 23, ఉదయం 6:50

లెక్కే అమ్మా. మూడు నాలుగు వారాలు విన్న తరవాతే నోరు విప్పేవాళ్ళు చాలామంది.

గోరింట | జూన్ 30, రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి. వెళ్ళాను. నిన్న మొదటి ఆదివారం.

ముందు వారం విడిగా పిలిచి ముప్పావు గంట మాట్లాడారు. ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. మొత్తం 21కి నాకు 16 వచ్చింది. పదిహేను, ఆపైన వస్తే తీవ్రమట. పిల్లల పేపర్లు దిద్దేదాన్ని, నా మార్కులు చూసుకుని నవ్వొచ్చింది. చదువు, రిజిస్ట్రేషన్ అడిగాను. విసుక్కోలేదు, గోడ మీద ఉన్న కాగితం చూపించారు. ఊరు, ఉద్యోగం కూడా చెప్పాను.

అయినా నిన్న తలుపు తీసేసరికి ఒక మనిషి తెలిసినవారే. ఊరు వేరు రాయించారట, అందుకని నడిపేవారికి తెలియలేదు. మగో ఆడో, ఏ ఊరో, ఏమీ చెప్పను. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నాకు చెవులు మూసుకుపోయాయి. వెనక్కి తిరిగేదాన్నే. ఆ మనిషి మొహంలో నాకంటే ఎక్కువ భయం కనిపించింది. నేను ఎక్కడ చెబుతానో అని! నేనూ ఒకరికి భయపడాల్సిన మనిషినని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. కూర్చున్నాను. మేడమ్ మా ఇద్దర్నీ విరామంలో పిలిచి, ఎవరికైనా మారాలనుంటే వేరే గ్రూపు ఉందని చెప్పారు. ఇద్దరం ఉంటామన్నాం.

నియమాలు కాగితం మీదే ఉన్నాయి. సంతకాలు పెట్టాం. వాట్సాప్ లేదు.

ఒక చిన్న సంగతి, నాదే కాబట్టి చెబుతాను. గాబరా ఇప్పుడు పదిలో ఎంత అని అడిగారు. నాకు అంకె తట్టలేదు. "రెండో ప్రమాద హెచ్చరిక మేడమ్" అనేశాను. లంకవాళ్ళకి వేరే కొలతలు తెలీవు కదా! ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి 11.75 అడుగులైతే మొదటిది, 13.75 రెండోది, 17.75 మూడోది. అందరూ గోదావరి వాళ్ళే, వెంటనే అర్థమైపోయింది. ఇప్పుడు మా గ్రూపులో అంకెలు లేవు, హెచ్చరికలే.

అరుగుమీద | జూన్ 30, రాత్రి 9:40

మిగతావాళ్ళవి ఏం కష్టాలు మేడమ్? ఊరికే, తెలుసుకుందామని.

చెరువుగట్టు | జూన్ 30, రాత్రి 9:42

ఇదిగో, అరుగు మొదలైంది.

గోరింట | జూలై 29, రాత్రి 8:30

నాలుగు ఆదివారాలు వెళ్ళాను, ఐదోది తప్పింది. వరద. రోడ్డు మీదకి నీళ్ళొచ్చి మా ఊరి నుంచి పడవల మీద రాకపోకలు. బడికి సెలవిచ్చారు. ఫోన్‌లో మేడమ్ పదిహేను నిమిషాలు మాట్లాడారు.

వరదంటే నాకు అన్నిటికంటే పెద్ద పరీక్ష. ఏటా ఈ రోజుల్లో ఫోన్‌లో ధవళేశ్వరం లెక్కలు పది నిమిషాలకోసారి చూసేదాన్ని. పది లక్షల క్యూసెక్కులు, పదిన్నర, పదకొండు. రాత్రి రెండింటికి కూడా. మేడమ్ ఒక ప్రశ్న అడిగారు: "అక్కడ వదిలిన నీరు మీ ఊరికి ఎంతసేపట్లో వస్తుంది?" కొన్ని గంటలు. "మరి పది నిమిషాలకోసారి చూస్తే నువ్వు ఏం చేయగలవు?" ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి గట్టు మీద పెరిగినదాన్ని, ఈ లెక్క నాకు రాలేదంటే సిగ్గేసింది.

చేయగలిగినవి ఒక కాగితం మీద రాశాను. బియ్యం, పప్పు అటక మీదకి. సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు ప్లాస్టిక్ కవర్లో. గేదెని గట్టు మీదకి. మంచినీళ్ళు పట్టి ఉంచడం. మా మామగారికి పది రోజుల మందులు. రెండో హెచ్చరిక ఇస్తే పిల్లలతో మా అక్క ఇంటికి. ఒక పూటలో అయిపోయాయి. లెక్కలు చూడటం ఉదయం పదికి ఒకసారి, సాయంత్రం ఆరుకి ఒకసారి. మొదటి రోజు ఐదుసార్లు దొంగతనంగా చూశాను. రెండో రోజు మూడు. మూడో రోజు ఫోన్ మా అత్తగారి పెట్టెలో పెట్టించాను. ఆవిడ తాళం వేసి "ఇదేం వైద్యమే" అన్నారు గానీ సరిగ్గా ఆరుకే తీసిచ్చారు.

మూడో రాత్రి పడుకున్నాను. వరద మొదటి హెచ్చరిక దాటి తగ్గింది. నాది రెండు నుంచి ఒకటికి వచ్చి అక్కడే ఉంది. పూర్తిగా తీయలేదు.

రిటైర్డ్ పోస్టుమాస్టరు | జూలై 30, ఉదయం 6:10

అమ్మా, గేదెను గట్టు మీదకు చేర్చినారా, సంతోషము. నేను కాకినాడ వెళ్ళితిని. మనుమడు బయట కూర్చున్నాడు. డాక్టరమ్మ నన్ను తొందరపెట్టలేదు. వచ్చే నెల మరల రమ్మన్నది. ఆ రాత్రి సంగతి సగము చెప్పినాను.

అరుగుమీద | జూలై 30, రాత్రి 10:30

అందరికీ బాగుంటే సంతోషమే. ఒకటి మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. టీచరు గారికి ఆదివారం సెలవు. చెరువులున్నాయన గారికి కారు ఉంది. మా పక్కింటి ఆవిడ కొబ్బరి పీచు పనికి వెళుతుంది. ఆవిడకీ దడే. కాకినాడ వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు, ఫీజు. పది వారాలు! ఆవిడకి మీరేం చెబుతారు? అరుగే కదా మిగిలింది?

వేపచెట్టు | జూలై 31, ఉదయం 8:15

కోపం కాదు, మీరు ఈ చర్చలో అడిగిన అన్నిటికంటే మంచి ప్రశ్న ఇది. నా దగ్గర చక్కని జవాబు లేదు. 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలోనే మానసిక ఇబ్బంది ఉన్న పదిమందిలో ఎనిమిది మందికి పైగా చికిత్స అందడం లేదని తేలింది. ఆ ఎనిమిది మందిలో మీ పక్కింటి ఆవిడ ఉంది.

చేయగలిగింది: 14416కి ఫోన్, కూలి పోదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చూస్తారు, మీ ఊరి ఆశా కార్యకర్తని అడిగితే ఏ రోజు, ఎక్కడ అన్నది కనుక్కుని చెబుతుంది. థైరాయిడ్, రక్తహీనత పరీక్ష ముందు చేయించండి, దడకి అవే కారణం కావచ్చు. ఈలోగా అరుగు ఉంటే ఉండనివ్వండి, ఆవిడ మాట్లాడుతుంటే అశ్వగంధ పేరెత్తకుండా పది నిమిషాలు కూర్చోగలరా?

అరుగుమీద | జూలై 31, ఉదయం 8:40

పది నిమిషాలంటే కష్టమే. చూస్తాను.

పాలకొల్లు పిల్ల | ఆగస్టు 2, మధ్యాహ్నం 1:05

గోరింట గారూ, ఆ తెలిసిన మనిషి? ఎవరని అడగట్లేదు. మాట నిలిచిందా అని.

గోరింట | ఆగస్టు 31, రాత్రి 9:50

ఇన్నాళ్ళూ జవాబు ఇవ్వలేకపోయాను, పాలకొల్లు పిల్ల గారూ. నిలిచింది. ఒకసారి ఊళ్ళో పెళ్ళిలో ఎదురుపడ్డాం. "బాగున్నారా" అంటే "బాగున్నాను" అన్నాను. పక్కనున్నవాళ్ళకి మామూలు పలకరింపే అది. నేను చేతి వేలితో ఒకటి చూపించాను, మొదటి హెచ్చరిక అని. ఆ మనిషి రెండు వేళ్ళు చూపించి లడ్డూ తీసుకోవడానికి వెళ్ళిపోయారు.

వరదలో తప్పిన వారానికి బదులు ఒకటి కలిపి నేటితో పది పూర్తయ్యాయి. ఏడు ప్రశ్నల కాగితం మళ్ళీ ఇచ్చారు. 16 ఉన్నది 9 అయింది. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను, డాక్టరు ఇప్పుడే ఆపొద్దన్నారు. మూడింటికి మెలకువ ఇప్పటికీ వస్తుంది, వారానికి ఒకటి రెండుసార్లు. నెలకోసారి కలిసే గ్రూపు ఉందట, పేరు రాయించుకున్నాను.

నిన్న పిల్లల ఆటో ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఫోన్ చేయలేదని రాద్దామనుకున్నాను గానీ, చేశాను. ఒక్కసారే. ఆటో అబ్బాయి "టైరు పంచరండి, మారుస్తున్నాం" అన్నాడు. సరే అని పెట్టేసి పప్పు పోపు వేసుకున్నాను.